పాత అల్యూమినియం బోటు కొంటున్నారా? ముందు దాని హిస్టరీ చదవండి!

అమెరికాలో మిన్నెసోటాలో ఉంటున్న మన సబ్‌స్క్రైబర్ ఒకతను మెసేజ్ పెట్టాడు. "అన్నా, చేపలు పట్టడానికి 14 అడుగుల పాత అల్యూమినియం బోటు చూశాను. మోటార్‌తో కలిపి ఇస్తానంటున్నారు. పైకి బాగానే ఉంది, తీసేసుకోనా?" అని. తమ్ముడూ, నేను మెకానిక్‌ని కాదు, హిస్టరీ చెప్పేవాణ్ణి. కానీ నీ ప్రశ్నకి సగం జవాబు హిస్టరీలోనే ఉంది. ఎలాగో చూద్దాం.

ముందు మోటార్ కథ. ఓలే ఎవిన్‌రూడ్ చిన్నప్పుడే నార్వే నుంచి అమెరికా వచ్చినవాడు. పడవ వెనక తగిలించుకునే మోటార్‌ని 1909లో మిల్వాకీలో అమ్మడం మొదలుపెట్టాడు. పవర్ 1.5 హెచ్‌పీ, బరువు 62 పౌండ్లు, అంటే దాదాపు 28 కిలోలు. ఆయన భార్య బెస్ ప్రకటనలు, వ్యాపారం చూసుకునేది. 1921లో అల్యూమినియం వాడి 48 పౌండ్ల మోటార్ తెచ్చారు. మోటార్ తేలికైంది, కానీ మామూలు జనం పడవ ఇంకా చెక్కదే!

పడవ సంగతి మార్చింది రెండో ప్రపంచ యుద్ధం. గ్రమ్మన్ కంపెనీ అమెరికా నేవీకి హెల్‌క్యాట్ యుద్ధ విమానాలు చేసేది. అందులో పెద్ద ఆఫీసర్ విలియం హాఫ్‌మన్ 1944లో సెలవు పెట్టి అడిరాండాక్ కొండల్లోకి వెళ్ళాడు. ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకి చెక్క పడవ మోసి మోసి భుజాలు పడిపోయాయి. విమానం రేకుతో పడవ చేస్తే పోదా అనుకున్నాడు. 1945 కల్లా గ్రమ్మన్ అల్యూమినియం పడవలు వచ్చేశాయి. యుద్ధం అయిపోయింది, విమానాల ఆర్డర్లు తగ్గాయి. రేకు ఉంది, రివెట్లు కొట్టే చేతులూ ఉన్నాయి. ఇక మీ మిన్నెసోటాలోనే హోవర్డ్ లండ్ 1948లో తన మొదటి అల్యూమినియం బోటు కట్టాడు.

అందుకే పాత బోట్లలో అన్నీ రివెట్లే. ఏళ్ళ తరబడి అలలు కొడితే అవి వదులవుతాయి. ఎలా చూడాలి? బోటు ట్రైలర్ మీద ఉండగానే లోపల కొంచెం నీళ్ళు పోయండి. బయట ఎక్కడ కారుతుందో అక్కడే లీకు. ఒకటి రెండు రివెట్లయితే బాగు చేయించుకోవచ్చు. వరసగా కారుతుంటే దండం పెట్టి వచ్చేయండి.

ఇంకో విషయం. రేకు నిలుస్తుంది, చెక్క నిలవదు. మోటార్ బిగించే వెనక పలకని ట్రాన్సమ్ అంటారు. చాలా పాత బోట్లలో దాని లోపల ప్లైవుడ్ ఉంటుంది. పైన మెరుస్తున్నా లోపల కుళ్ళి ఉండొచ్చు. మోటార్‌ని పట్టుకుని పైకీ కిందకీ ఊపండి. పలక కూడా ఊగిందా? అది చెడిపోయినట్టే.

ఇప్పుడు గుర్తుపెట్టుకోవాల్సిన సంవత్సరం: 1972. ఆ నవంబర్ 1 నుంచి అమెరికాలో తయారయ్యే ప్రతి బోటుకీ ఒక నంబర్ ఉండాలని రూల్ వచ్చింది. వెనక కుడివైపు చూడండి, 12 అక్షరాలు, అంకెలు. 1984 ఆగస్టు తర్వాతి బోట్లయితే చివరి రెండంకెలు మోడల్ సంవత్సరం. ఆ నంబర్, కాగితాల్లో నంబర్ ఒకటి కాకపోతే డబ్బులు ఇవ్వొద్దు. అదే రూల్స్‌తో 20 అడుగుల లోపు మోటార్ బోట్లకి లోపల ఒక ప్లేటు కూడా వచ్చింది. ఎంతమంది ఎక్కొచ్చు, ఎంత బరువు, ఎన్ని హెచ్‌పీ అని దాని మీద ఉంటుంది.

మోటార్‌కి కూడా ఒక గీత ఉంది. పాత టూ స్ట్రోక్ మోటార్లు పోసిన పెట్రోల్లో పావు వంతు దాకా కాలకుండానే నీళ్ళలోకి వదిలేవి. 1998 నుంచి 2006 లోపు కొత్త మోటార్ల పొగ మీద రూల్స్ బిగించారు. కాలిఫోర్నియా వైపు టాహో సరస్సులో 1999 నుంచి పాత కార్బురేటర్ టూ స్ట్రోక్‌లకి ఎంట్రీయే లేదు. అంటే మోటార్ బాగున్నా నీ చెరువులో ఒప్పుకుంటారో లేదో ముందే అడుగు. ఇంకోటి, ఎవిన్‌రూడ్ మోటార్ల తయారీ 2020లో ఆగిపోయింది. ఆ మోటారే అయితే పార్టులు దొరుకుతాయా అని ముందే షాపులో కనుక్కో.

చూడటానికి వెళ్ళినప్పుడు మోటార్ చల్లగా ఉండాలి. వేడిగా ఉందంటే నువ్వు వచ్చే ముందే స్టార్ట్ చేశారన్నమాట. స్టార్ట్ అయ్యాక పక్క నుంచి సన్నటి నీటి ధార రావాలి. గేర్ ఆయిల్ పాలలా తెల్లగా ఉంటే లోపలికి నీళ్ళు వెళ్ళినట్టు.

చివరి మాట. ప్లేటు మీద 15 హెచ్‌పీ అని ఉంటే, 25 మోటార్ చవగ్గా ఇస్తామన్నా వద్దు తమ్ముడూ. ఆ ప్లేటు పెట్టింది మనుషులు మునిగిపోకూడదని. ధర తగ్గితే సంతోషమే, ప్రాణానికి మాత్రం సెకండ్ హ్యాండ్ ఉండదు. లైఫ్ జాకెట్ మాత్రం కొత్తదే కొనుక్కో.