ప్రయోగశాలలో మూస: ఎర్రగా ఉన్నప్పటికంటే తెల్లగా కనిపించినప్పుడే ఎందుకు జాగ్రత్త అవసరం?

స్వర్ణకారులు బంగారం కరిగించే చిన్న పాత్రను మూస అంటారు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో పూర్వం పేరుపొందిన ఉక్కు కూడా మట్టి మూసలలోనే తయారయ్యేది. కళాశాల ప్రయోగశాలల్లో కనిపించే పింగాణీ క్రూసిబుల్ ఆ కోవకు చెందినదే.

దీనితో వచ్చే ముఖ్యమైన ప్రమాదం కంటికి కనిపించదు. ఘనపదార్థాలు సుమారు 525 డిగ్రీల సెల్సియస్ దాటితేనే మందమైన ఎర్రని కాంతిని వెలువరిస్తాయి. కాబట్టి 400 డిగ్రీల వేడిలో ఉన్న మూస కూడా చల్లని మూసలాగే తెల్లగా కనిపిస్తుంది.

ఏ మూస దేనికి?

పింగాణీ మూస సుమారు 1000 డిగ్రీల వరకు సాధారణ అవసరాలకు సరిపోతుంది. అంతకు మించిన వేడికి అల్యూమినా మూసలు వాడతారు. సోడియం హైడ్రాక్సైడ్ వంటి క్షారాలను కరిగిస్తే పింగాణీ దెబ్బతింటుంది. అందుకు నికెల్ మూస అనువైనది. ప్లాటినం 1768 డిగ్రీల వద్ద గాని కరగదు. అయినా సీసం వంటి లోహాలు తగిలితే పాడైపోతుంది.

వేడి చేసేటప్పుడు

సన్నని పగులు ఉన్న మూసను వాడరాదు. తడి మూసను నేరుగా మంటపై పెట్టరాదు. మట్టి గొట్టాలు తొడిగిన త్రికోణంలో దానిని నిలిపి, మొదట చిన్న మంటతో, క్రమంగా పెద్ద మంటతో వేడి చేయాలి. ఒక్కసారిగా వేడెక్కినా, చల్లబడినా పింగాణీ పగులుతుంది.

మైలుతుత్తం వంటి స్ఫటికాలను త్వరపడి కాలిస్తే లోపలి నీరు ఆవిరై పొడి ఎగిరిపడుతుంది. మరీ ఎక్కువగా కాలిస్తే హానికరమైన గంధక ఆక్సైడ్ వాయువులు వెలువడతాయి. అందువల్ల రక్షణ కళ్లద్దాలు, గాలి ధారాళంగా ఆడే చోటు తప్పనిసరి. మూసలోకి వంగి చూడరాదు.

దించిన తరువాత

ఎర్రగా కాలిన మూసను పట్టే ముందు పట్టకారు కొనలను కొద్దిగా వేడి చేయాలి. మూసను చెక్కబల్లపై కాక, వేడిని తట్టుకునే పలకపై ఉంచాలి. అరచేతి వెనుక భాగాన్ని తాకకుండా దగ్గరకు తెస్తే వేడి తెలుస్తుంది.

ఎర్రదనం పూర్తిగా పోయి కొంత చల్లారిన తరువాతే డెసికేటర్‌లోకి మార్చాలి. లేకుంటే లోపలి గాలి వ్యాకోచించి మూత జారిపడవచ్చు. వేడి మూసను త్రాసుపై పెడితే పైకి లేచే గాలి వల్ల బరువు తక్కువగా చూపుతుంది. తొందరపాటు వేలికే కాదు, ఫలితానికీ చేటే.

చేయి కాలితే వెంటనే 20 నిమిషాల పాటు చల్లని ధార నీటి కింద ఉంచాలి. పసుపు, సిరా, టూత్‌పేస్ట్ పూయరాదు. బొబ్బలు వచ్చినా, గాయం పెద్దదైనా వైద్యుడిని సంప్రదించాలి.

బల్లపై చల్లారుతున్న మూస పక్కన ‘వేడిగా ఉంది’ అని రాసిన చీటీ పెట్టడం మంచిది. దానిని దించిన వారికి అది వేడిగా ఉందని తెలుసు; తరువాత వచ్చే వారికి తెలియదు.