పాస్తా మన తిండి కాదట!

"మన తిండి" అనే మాట ఎవరు ఎప్పుడు వాడినా నాకు చిన్న అనుమానం వస్తుంది. మన అంటే ఎవరు, ఎప్పటి నుంచి అని.

సందర్భం చెప్తాను. హైదరాబాదులో మా ఇంట్లో వారానికి ఒకటి రెండు రాత్రులు పాస్తా ఉంటుంది. వండేది నేను. మా ఆవిడకి ఏడున్నర నుంచి తొమ్మిది దాకా అవతలి దేశం వాళ్ళతో కాల్స్, నా మీటింగులు ఆరున్నరకే అయిపోతాయి, కాబట్టి ఆ పూట వంట నాది. ఇరవై నిమిషాల పని. వినుకొండ నుంచి వచ్చిన మా పెద్దమ్మ రెండుసార్లు ఓపిగ్గా చూసి మూడోసారి అనేసింది: "ఏందిరా ఈ పేగుల కూర? ఇది మన తిండి కాదు. ఇంట్లో ఆడమనిషి ఉండగా నీకీ ఖర్మేందిరా?"

ఇందులో మూడు వాక్యాలున్నాయి. మొదటిది రుచికి సంబంధించింది, దాని మీద వాదన అనవసరం. రెండోది చరిత్ర. మూడోది అసలు సంగతి, దాని దగ్గరికి దారిలో వస్తాను.

ముందు ఆ గిన్నెలో ఏమున్నాయో చూద్దాం. గోధుమ రవ్వతో చేసిన గొట్టాలు, గేదెపాల మీగడ, వెల్లుల్లి, టమాటా, దంచిన ఎండుమిరపకాయలు. వీటిలో ఇది మనదే అని మా పెద్దమ్మ కళ్ళు మూసుకుని చెప్పేది మిరపకాయ ఒక్కటే. గుంటూరు మిరపయార్డుకి బస్తాలు తోలిన ఇంటి మనిషి మరి! తీరా చూస్తే ఆ గిన్నెలో ఖాయంగా పరాయి దినుసు అదే. మిరప పుట్టింది అమెరికా ఖండాల్లో. 1492లో కొలంబస్ అటు వెళ్ళి వచ్చేదాకా ఆసియాలో గానీ యూరపులో గానీ మిరపకాయ తిన్న మనిషి లేడు. 1510లో పోర్చుగీసు వాళ్ళు గోవా పట్టుకున్నాక, వాళ్ళ ఓడలెక్కి మన దేశానికొచ్చింది. వచ్చినప్పుడు మనవాళ్ళ దగ్గర దానికి పేరు కూడా లేదు. అప్పటిదాకా తెలిసిన కారం మిరియం, కాబట్టి ఇది "మిరియపు కాయ" అయ్యింది, నోళ్ళలో అరిగి మిరపకాయ అయ్యింది. పేరులోనే మైగ్రేషన్ లాగ్ ఉందన్నమాట.

టమాటాదీ అదే ఖండం, అదే వంకాయ కుటుంబం. ఉత్తరాంధ్రలో రామములక్కాయ అని, చిత్తూరు వైపు తక్కాళి అని పేర్లు పెట్టుకుని దాన్నీ ఇంట్లో మనిషిని చేసేసుకున్నాం. ఇటలీ వాళ్ళు మనకంటే పాతకాపులేం కాదు. అక్కడ టమాటా సాస్ చేసే పద్ధతి మొదటిసారి అచ్చయింది 1690లలో, నేపుల్స్‌లో ఆంటోనియో లతీని అనే ఆయన పుస్తకంలో. ఆయన దాన్ని స్పెయిన్ పద్ధతి సాస్ అన్నాడు తప్ప మాది అనలేదు.

మరి మిరప రాకముందు తెలుగువాడు ఏం తిన్నాడు? దీనికి సాక్ష్యం మా ఊరి పేరున్న కవి దగ్గరే దొరుకుతుంది. వినుకొండ అనగానే అందరికీ జాషువా గారు గుర్తొస్తారు (1895లో అక్కడే పుట్టారు), న్యాయమే. కానీ అంతకు చాలా ముందు వినుకొండ వల్లభరాయుడు ఉన్నాడు. ఆయన పేరు మీదున్న క్రీడాభిరామం సుమారు 600 ఏళ్ళ కిందటిది. (అసలు రాసింది శ్రీనాథుడే అని వేటూరి ప్రభాకరశాస్త్రి గారి వాదన. ఆ తగాదా ఇంకా తేలలేదు, మనం వేలు పెట్టొద్దు.) మంచనశర్మ, టిట్టిభసెట్టి అని ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు వీధుల్లో తిరుగుతూ కనపడ్డ ప్రతిదాని మీదా వ్యాఖ్యానం చేస్తుంటారు. ఒకచోట పూటకూళ్ళ ఇంటి సంగతి వస్తుంది. ఒక్క రూక ఇస్తే అక్కడ ఏం పెడతారో ఒక పద్యంలో జాబితా ఉంది: కప్పురభోగి బియ్యపు అన్నం, గోధుమపిండి వంటకం, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నంజుకోడానికి నాలుగైదు రకాలు, చివర్లో గడ్డపెరుగు.

ఈ జాబితాని నేను చాలాసార్లు చదువుకున్నాను. మిరపకాయ లేదు, టమాటా లేదు, బంగాళాదుంప లేదు. ఉండే వీలే లేదు, కొలంబస్ ఇంకా పుట్టనైనా లేదు కదా. ఉన్నదల్లా గోధుమ, నెయ్యి, గడ్డపెరుగు. మా పెద్దమ్మ వండే ఎర్రటి మిరపకాయ పులుసు పక్కన ఒక గిన్నె, నేను చేసే మీగడ పాస్తా పక్కన ఒక గిన్నె పెట్టి మంచనశర్మని ఎంచుకోమంటే ఆయన చెయ్యి ఎటు వెళ్తుందో చెప్పడం కష్టం కాదు. ఇంకో ముక్క: వంట కుదరని పూట డబ్బు పారేసి కడుపు నింపుకోవడం స్విగ్గీతో మొదలైందనుకునేవాళ్ళు ఆ రూక సంగతి గుర్తుంచుకోవాలి.

సరే, అది పట్నం భోజనం. మరి మా పల్నాటి భోజనం? శ్రీనాథుడి పేరు మీద చెలామణీలో ఉన్న చాటువులు చూస్తే ఆ మహానుభావుడు మా సీమలో సన్నన్నం దొరక్క, జొన్నకూడూ సజ్జకూడూ మింగుడు పడక ఎంత ఏడ్చాడో తెలుస్తుంది. ఆయన ఏడుపు అటుంచితే జాబితా మాత్రం నిజం. మా నాయనమ్మ జొన్నకూడు తినే పెరిగింది. ఆమె చిన్నతనంలో వరికూడంటే పండగ, లేదా ఇంటికి అల్లుడు రావాలి. నాగార్జునసాగర్‌కి 1955 డిసెంబర్ 10న శంకుస్థాపన జరిగింది, 1967 ఆగస్టు 4న కాలువలకి నీళ్ళు వదిలారు. ఆ కుడికాలువ నీళ్ళొచ్చాక మా వైపు వరి మడులు వెలిశాయి. ఆపైన 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. మామూలు జనం మూడు పూటలా తెల్లన్నం తినడం అక్కడి నుంచే. అంటే పాస్తాని పక్కకి జరిపి మా పెద్దమ్మ "మన తిండి" అని పళ్ళెంలో పెట్టుకునే అన్నం, మా నేల మీద మామూలు జనానికి రోజువారీ తిండై ఇంకా అరవై ఏళ్ళే. ముట్టుకుంటే కూలిపోతుందని అందరూ భయపడే లెగసీ మాడ్యూలు, హిస్టరీ తీసి చూస్తే మొన్నమొన్న ఎవరో చేర్చిందే అయినట్టు.

ఇంక పిండి తాళ్ళ విషయం. వినాయకచవితికి పాలతాలికలు చేసుకోని ఇల్లు మా వైపు తక్కువ. బియ్యప్పిండి ఉక్కబెట్టి, ముద్ద చేసి, అరచేతుల మధ్య సన్నటి తాళ్ళలా పాముతారు, లేదా జంతికల గొట్టంతో వత్తుతారు. వాటిని మరిగే పాలలో వేస్తే తాళ్ళు ఉడుకుతూ గంజి వదులుతాయి, పాలు చిక్కబడి వాటినే పట్టుకుంటాయి. పాలు విరక్కుండా బెల్లం చివర్లో. ఇది క్రీమీ పాస్తా కాకపోతే మరేమిటో నాకు ఎవరైనా చెప్పాలి. తీపి ఒక్కటే తేడా. రంజాన్‌కి మా పక్కింటి నుంచి వచ్చే షీర్ ఖుర్మా ఇంకా దగ్గర చుట్టం. షీర్ అంటే పాలు, ఖుర్మా అంటే ఖర్జూరం, రెండూ పారశీక మాటలు. అందులో పడేది గోధుమ సేమియా. ఇటలీ పాస్తాకీ అటువైపు చుట్టరికం ఉంది. మార్కోపోలో చైనా నుంచి పాస్తా మోసుకొచ్చాడన్నది వట్టి కట్టుకథ. ఆయన వెనిస్‌కి తిరిగొచ్చింది 1295లో. 1154లోనే అల్ ఇద్రీసీ అనే అరబ్బు భూగోళ శాస్త్రజ్ఞుడు, సిసిలీలో త్రాబియా అనే ఊళ్ళో గోధుమ పిండి తాళ్ళు తయారుచేసి ఓడల్లో పై ఊళ్ళకి పంపుతున్నారని రాసిపెట్టాడు.

అన్నట్టు మా పెద్దమ్మకి సేమియా ఉప్మా అంటే ఏ అభ్యంతరమూ లేదు. హైదరాబాదు కంపెనీ బాంబినో 1980ల నుంచీ మన వంటిళ్ళకి సేమియా అందిస్తోంది, మాకరోనీ కూడా అమ్ముతుంది. బాంబినో అంటే ఇటాలియన్‌లో పసిపిల్లవాడు. ఇటలీ పేరు చదువుతూ ప్యాకెట్ కత్తిరించి, గోధుమ తాళ్ళు వేయించి, పోపు పెట్టుకుని తినేస్తే అది మన తిండి. ఆ తాళ్ళకి బొక్క పడి గొట్టాలైతే కాదు!

మరి కొత్తగా వచ్చిందేమిటి? తాళ్ళు కొత్త కాదు, పాలు కొత్త కాదు. మంగళవారం రాత్రి కొత్త. పాలతాలికలు ఏడాదికోసారే ఎందుకు చేసేవాళ్ళో ఎప్పుడైనా ఆలోచించారా? బియ్యం నానబెట్టాలి, రోట్లో దంచాలి, జల్లించాలి, ఉక్కబెట్టాలి, పామాలి. ఇంట్లో ఆడవాళ్ళు ముగ్గురు కూర్చుంటే ఒక పూట పని. దానికి తోడు పొయ్యి. పత్తి, మిరప పండే నేలల్లో వంటచెరుకు కూడా అవే: పత్తికట్టె, మిరపకట్టె. గుప్పున అంటుకుంటాయి, గుప్పున ఆరిపోతాయి. నిమిషానికోసారి ఎగదోయాలి. మిరపకట్టెకి ఒక్క ఎండుకాయ మిగిలిపోయినా ఇల్లంతా దగ్గు. మన భాషలో చెప్పాలంటే అది పోలింగ్ పద్ధతి, మనిషి అక్కడి నుంచి కదలడానికి వీల్లేదు. ప్రెషర్ కుక్కర్ వచ్చాక ఇంటరప్ట్ పద్ధతి వచ్చింది, ఈల వేస్తే వెళ్తే చాలు. కానీ కట్టెల పొయ్యి మీద కుక్కర్ పెట్టుకుంటే సగం లాభమే. 1999లో దీపం పథకం కింద మహిళా సంఘాల సభ్యులకి గ్యాస్ కనెక్షన్ డిపాజిట్ ప్రభుత్వమే కట్టింది. మా బంధువుల్లో చాలా ఇళ్ళకి నీలిమంట అప్పుడే వచ్చింది. ఇరవై నిమిషాల వంట అనేది వంటకం గొప్పతనం కాదండీ, నాబ్ తిప్పగానే వెలిగి, వదిలేసినా ఆరని మంట గొప్పతనం. మిల్లులో ఆడిన రవ్వ, మిషన్‌లో వత్తిన గొట్టం, డెయిరీ పాలు, అన్నీ ఎవరి చేతుల పనినో తీసేసుకున్నవే.

ఇప్పుడు మూడో వాక్యం. ఐదారొందల ఏళ్ళలో గింజ మారింది, కారం మారింది, కట్టె పోయి గ్యాస్ వచ్చింది. పొయ్యి ముందు మనిషి మాత్రం మారలేదు. "మన తిండి" అని గట్టిగా పట్టుపట్టే మగవాళ్ళని నేను ఆఫీసులోనూ చూస్తుంటాను. పప్పు, కూర, పచ్చడి, పులుసు, వేడన్నం లేకపోతే ముద్ద దిగదంటారు. ఆ నాలుగూ తొమ్మిదింటికల్లా వేడిగా రావాలంటే ఏడింటికి ఎవరు వంటింట్లోకి వెళ్ళాలో అడిగితే సమాధానం ఉండదు. ఆవిడకీ కాల్ ఉంటుంది మరి. మా పెద్దమ్మని నేను తప్పుపట్టను. నలభై ఏళ్ళు పన్నెండు మందికి ఆ పొగలో వండిన మనిషి. నేను వండితే ఆమెకి కష్టంగా ఉందంటే, తన నలభై ఏళ్ళూ ఇరవై నిమిషాలకి కుదించేసినట్టు అనిపించి ఉండొచ్చు. అలా అని మా ఆవిడ ఇంకో నలభై కట్టాలా?

అడిగేవాళ్ళు ఎలాగూ ఉంటారు కాబట్టి పద్ధతి రాస్తున్నా. ఇద్దరికి 200 గ్రాముల పాస్తా, రెండు లీటర్ల నీళ్ళు, నీళ్ళు కళపెళా మరిగాక ఒక పెద్ద చెంచా ఉప్పు. ప్యాకెట్ మీద రాసిన టైము కంటే ఒక నిమిషం ముందే దించాలి. వార్చేటప్పుడు ఆ గంజి ఒక గ్లాసు ఉంచుకోండి. గుట్టంతా ఆ గంజిలోనే ఉంది. రోమ్‌లో అల్ఫ్రెడో దీ లేలియో అనే హోటలాయన పేరు మీద ప్రపంచమంతా అమ్ముడయ్యే అల్ఫ్రెడో పాస్తాలో మొదట అసలు క్రీమే లేదు. వెన్న, చీజ్, ఈ గంజి కలిసి క్రీములా అయ్యేవి, అంతే. అమెరికా వెళ్ళాక క్రీమ్ చేరింది. గంజి వార్చడం మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. కుక్కర్ వచ్చి మాన్పించింది గానీ, మా ఇంట్లో అన్నం గంజి తాగగా మిగిలింది నూలు చీరలకి పెట్టేవాళ్ళు.

మూకుట్లో వెన్న, ఆరు వెల్లుల్లి రెబ్బలు, రెండు ఎండుమిరపకాయలు దంచి, రెండు టమాటాలు. మెత్తబడ్డాక పాస్తా, అరగ్లాసు గంజి వేసి ఒక నిమిషం తిప్పండి. స్టవ్ ఆపేశాకే నాలుగు చెంచాల మీగడ, చిలికి వెయ్యాలి. గట్టిపడితే ఇంకాస్త గంజి. మీగడ నిన్నటిదో మొన్నటిదో అయితే మంచిది. నెయ్యి కోసమని ఫ్రిజ్‌లో పది రోజులుగా పోగేస్తున్న గిన్నె జోలికి మాత్రం పోకండి, పులిసి ఉంటుంది, టమాటాకి తగలగానే విరిగిపోతుంది.