కిటికీ అవతల కూర్చున్న మనిషి

మేడ్చల్, శామీర్‌పేట ఊళ్లకు ఒకప్పుడు యూనివర్సిటీ అంటే ఉస్మానియానే. 1918లో మొదలైన ఆ విద్యాలయంలో పనిపడితే పట్నం వెళ్లి, కిటికీ ముందు నిలబడి, కాగితం చేతికి రాగానే తిరిగొచ్చేవారు. పాతికేళ్లలో యూనివర్సిటీయే ఊరి పొలిమేరకు వచ్చేసింది. 1998లో చట్టం ద్వారా ఏర్పడ్డ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం బర్కత్‌పుర నుంచి శామీర్‌పేటకు మారింది. 2008లో జవహర్‌నగర్ దగ్గర బిట్స్ పిలానీ క్యాంపస్ తెరిచారు. కండ్లకోయ, మైసమ్మగూడలు ఇంజినీరింగ్ కాలేజీల పేటలయ్యాయి. 2018 నాటి ప్రైవేటు యూనివర్సిటీల చట్టం కింద 2020లో మల్లారెడ్డి యూనివర్సిటీ వచ్చింది. ఈ కథ చెప్పేవాళ్లు భూముల ధరల దగ్గరే ఆగిపోతారు. ఇక్కడ అంతకన్నా ఎక్కువ మారింది యూనివర్సిటీ నౌకరీ: ఫైలు చూసుకునే ఉద్యోగం కాస్తా మనుషుల్ని చూసుకునే ఉద్యోగమైంది.

హాస్టల్ క్యాంపస్‌లో సాయంత్రం ఐదింటికి పని ముగియదు. రాత్రి పిల్లవాడికి జ్వరం వచ్చినా, పరీక్ష పోయి తలుపేసుకు కూర్చున్నా ముందు తెలియాల్సింది వార్డెన్‌కే. ప్రైవేటు కాలేజీ ఆఫీసులో భారం ఇంకోలా పెరిగింది. 2008 ప్రాంతంలో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ పేదింటి పిల్లలకు ఇంజినీరింగ్ తలుపు తెరిచింది. అయితే కట్టాల్సింది ప్రభుత్వం, రావాల్సింది కాలేజీకి, బకాయి పడితే నిలదీసేది మాత్రం కిటికీ దగ్గర. ఉద్యోగంలో చేరాల్సిన అమ్మాయి, బకాయి తీరేదాకా ఆపి ఉంచిన ఒరిజినల్ సర్టిఫికెట్లు అడుగుతుంది. ‘గవర్నమెంటు పైసలేస్తే మీకే వస్తయి గద సారూ’ అంటాడు తండ్రి. లోపలున్న గుమాస్తాకు ఇవ్వాలనున్నా అధికారం లేదు. ఆ కోపాన్ని భరించడమే అతని పని, అది ఏ నియామక పత్రంలోనూ ఉండదు.

ఈ భారానికి 1983లో ఆర్లీ హాక్‌షీల్డ్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ‘భావోద్వేగ శ్రమ’ అని పేరు పెట్టారు. విమానాల్లో పనిచేసే ఎయిర్‌హోస్టెస్‌లను పరిశీలించి, జీతానికి నవ్వడం కూడా శ్రమేనన్నారు. 1990లో సాలొవే, మేయర్‌లు భావోద్వేగ ప్రజ్ఞ అనే ఆలోచనను శాస్త్ర చర్చకు తెచ్చారు. 1995లో డేనియల్ గోల్‌మన్ పుస్తకం దాన్ని మేనేజర్ల నోళ్లలో నానేలా చేసింది. ఎదుటివాడి మనసెరిగి, మన మనసును అదుపులో పెట్టుకునే ఈ నేర్పు పనితీరును నిజంగా పెంచుతుందా? సబ్జెక్టు వస్తే చాలదా అన్నది మొదటి అభ్యంతరం. అందులో సగం నిజముంది. 2010లో జోసెఫ్, న్యూమన్‌లు అంతకుముందరి అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, మనుషులతో మెలగాల్సిన ఉద్యోగాల్లోనే ఈ ప్రజ్ఞ పనికొచ్చిందని తేలింది. ల్యాబ్‌లో యంత్రాన్ని సరిచేసేవాడి కన్నా వార్డెన్‌కు, గుమాస్తాకు అది ఎక్కువ అవసరమన్నమాట.

ఓపిక పుట్టుకతో రావాలి, దానికి సంస్థ ఏం చేస్తుందన్నది రెండో అభ్యంతరం. ‘నేను నిదానంగా ఉంటాను’ అని ఉద్యోగి తన గురించి తానే టిక్కు పెట్టుకునే ప్రశ్నపత్రాలు ఈ నమ్మకాన్ని పెంచుతాయి. అవి మనిషిని కొలుస్తాయి, అతను కూర్చున్న కుర్చీని కొలవవు. అదే గుమాస్తా జీతం నెలనెలా అంది, ముందున్న వరస పొట్టిదై, చిన్న నిర్ణయం తన చేతిలో ఉంటే మెత్తగా మాట్లాడతాడు. ఇద్దరి పని ఒక్కడి మీద పడితే విసుక్కుంటాడు. స్వభావాల్లో తేడాలు లేవని కాదు, ఆ స్వభావం బయటపడే తీరును నిర్ణయించేది పని పరిస్థితే. ఈ ప్రాంతంలో విద్యాసంస్థలు పెరిగిన వేగంతో ఆ పరిస్థితిని గురించిన ఆలోచన పెరగలేదు. కాబట్టి సిబ్బందికి సహనం మీద శిక్షణ పెట్టించే యాజమాన్యాలు ముందుగా అడ్మిషన్ల రోజుల్లో ఒక పూట ఆ కిటికీ అవతలి కుర్చీలో కూర్చోవాలి.