బొర్రా గుహల్ని ఎవరు కనిపెట్టారు?

గోస్తని నది భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ ఊళ్లో పదిహేడో శతాబ్దం నాటి డచ్చివాళ్ల సమాధులున్నాయి. అక్కణ్ణించి శృంగవరపుకోట మీదుగా, నది పుట్టే అనంతగిరి కొండలదాకా మొన్న కారులో వెళ్లాం. కొండల్లో చూడాల్సింది బొర్రా గుహలు. వాటి గురించి ట్రావెల్ సైట్లన్నీ చెప్పే మాట ఒకటే: 1807లో జియొలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకి చెందిన విలియం కింగ్ వాటిని కనిపెట్టాడని.

కోడ్ రాసేవాణ్ణి కదా, ముందు టైమ్‌స్టాంపులు చూస్తాను. ఆ సంస్థ పుట్టిందే 1851లో. కింగ్ అందులో చేరింది 1857లో, డైరెక్టరయింది 1887లో. 1871లో ఇల్లెందు దగ్గర సింగరేణి బొగ్గు జాడ పట్టిన డాక్టర్ కింగ్ ఈయనే. 1807 నాటికి ఆయన పుట్టనే లేదు.

తేదీని దిద్దేయొచ్చు. 'కనిపెట్టాడు' అన్న మాటతోనే చిక్కు. స్థానికులు చెప్పే కథ వేరు. మేస్తున్న ఆవు పైకప్పు కన్నంలోంచి గుహలో పడింది. వెతుక్కుంటూ దిగిన కాపరికి ఆవు క్షేమంగా దొరికింది, పక్కనే లింగంలాంటి రాయి. ఆ రాయే కాపాడిందని మొక్కారు. కథలో కాపరికి పేరు లేదు, తేదీ లేదు. అందుకే సైట్లలో అది 'స్థలపురాణం', కింగ్‌ది 'చరిత్ర'.

ఈ తేడాతో ఏం పోతుందంటారా? సర్వే రిపోర్టులోకి ఎక్కిన రాయి వెనక ఎప్పుడో ఒకప్పుడు లీజు కాయితం వస్తుంది. ఇల్లెందు బొగ్గు అలాగే గనయింది. మనం కిటికీ పక్కన కూచుని ఫొటోలు తీసుకునే కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం 1960ల్లో వేసింది బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు నుంచి జపాన్‌కి పంపడానికి. తర్వాత బొర్రా చుట్టుపక్కల పల్లెల్లో ప్రైవేటు మైనింగు లీజులిచ్చారు. 'సమత' అనే సంస్థ కోర్టుకెళ్లింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకి, ప్రైవేటు కంపెనీలకి లీజుకివ్వడం చెల్లదని 1997 జూలైలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. భూబదలాయింపు నిబంధనల్లో 'వ్యక్తి' అంటే ప్రభుత్వం కూడా అని చెప్పింది. ఆ ఒక్క మాటకి చెప్పిన అర్థంతో లీజులు రద్దయ్యాయి.

అందుకే 'కనిపెట్టాడు' అన్నదాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. కింగ్ చేసింది సర్వే. మంచి పనే. అరకు ట్రిప్పు గురించి మీరు రాసేటప్పుడు ఆ మాటే రాయండి. వీలైతే 1807ని కొట్టేయండి.