బుల్లెట్‌కి ఏ క్యామ్? తిరువొత్తియూరు ఇంజన్ కథ

తిరువొత్తియూరు పేరు వినగానే మన పెద్దవాళ్ళకి త్యాగరాజస్వామి అక్కడి త్రిపురసుందరి అమ్మవారి మీద కట్టిన అయిదు కృతులు గుర్తొస్తాయి. ఉత్తర మద్రాసులో స్థిరపడ్డ మాలాంటి తెలుగిళ్ళలో ఆ ఊరంటే ఇంకొకటి కూడా: బుల్లెట్ ఫ్యాక్టరీ. ఈసారి రాస్తున్నది ఆ రెండో దాని గురించి. మా ఇంట్లో ఉన్న 1960ల నాటి 350 బుల్లెట్ ఇంజన్ విప్పితే క్యామ్‌లు అరిగిపోయి కనిపించాయి. కొత్తవి ఏవి వెయ్యాలన్న దగ్గర ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. పాత రకమే వెయ్యాలని పెద్దలు, స్పోర్ట్స్ క్యామ్ వేస్తే బండి ఎగురుతుందని పిల్లలు. అసలు ఆ క్యామ్‌కి ఆ ఆకారం ఎందుకొచ్చిందో తెలుసుకుంటే తప్ప ఇది తేలదనిపించింది.

బుల్లెట్ పుట్టినూరు ఇంగ్లండులోని రెడిచ్. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక, వెనక చక్రానికి కూడా స్ప్రింగులున్న కొత్త బుల్లెట్‌ను 1948లో ఇటలీలోని శాన్ రెమోలో జరిగిన ఆరు రోజుల ట్రయల్‌కి పంపారు. 1952లో జానీ బ్రిటన్ ఎన్‌ఫీల్డ్ మీద స్కాట్లండ్ ఆరు రోజుల ట్రయల్ గెలిచాడు. ట్రయల్ అంటే రేసు కాదు. బురదలో, బండరాళ్ళ మీద, కాలు కింద పెట్టకుండా, మనిషి నడిచేంత వేగంతో బండిని ఎక్కించాలి. అక్కడ గెలిపించేది పరుగు కాదు, లాగుడు. బుల్లెట్ స్వభావం అక్కడే ఖాయమైపోయింది.

సరిహద్దు గస్తీకి బండి వెతుకుతున్న మన సైన్యానికి కావలసిందీ ఆ లాగుడే. 1950ల మొదట్లో సైన్యం బుల్లెట్‌ను ఎంచుకుంది. 1955లో మద్రాస్ మోటార్స్‌తో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది, మరుసటేడు తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ నడవడం మొదలైంది. మొదట్లో రెడిచ్ నుంచి విడిభాగాలు పెట్టెల్లో వస్తే ఇక్కడ బిగించేవారు. తర్వాత ఒక్కొక్క భాగమే ఇక్కడ తయారవుతూ వచ్చింది. రెడిచ్ ఫ్యాక్టరీ 1967లో మూతపడింది. మూడు నాలుగేళ్ళలో అక్కడ ఎన్‌ఫీల్డ్ పేరే లేకుండా పోయింది. పుట్టింట్లో దీపం ఆరిపోయినా మెట్టినింట్లో వెలుగుతూనే ఉంది. ఊరు వదిలొచ్చిన కుటుంబాల వాళ్ళం కదా, ఈ మాట రాయకుండా ఉండలేకపోయాం.

ఇక క్యామ్ సంగతి. పాత బుల్లెట్‌కి కుడిచేతి వైపు టైమింగ్ కవర్ విప్పితే గడియారం లోపలిలాగా పళ్ళ చక్రాలు కనిపిస్తాయి. వాటిలో రెండింటికి వెనక కోడిగుడ్డు కొసలాంటి దిమ్మలుంటాయి. ఒకటి పెట్రోలు గాలి లోపలికి వచ్చే వాల్వుకి, రెండోది పొగ బయటికి పోయే వాల్వుకి. చాలా బళ్ళలో రెండు దిమ్మలూ ఒకే కడ్డీ మీద ఉంటాయి, బుల్లెట్‌లో మాత్రం వేరువేరు. క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు. దిమ్మ ఎత్తు టాపెట్‌ని తోస్తే, టాపెట్ పుష్‌రాడ్‌ని, పుష్‌రాడ్ రాకర్‌ని, రాకర్ వాల్వుని. వాల్వు ఎంత లోతుకి తెరుచుకోవాలి, ఎప్పుడు తెరుచుకోవాలి, ఎంతసేపు ఆగాలి అన్న మూడూ ఆ దిమ్మ ఆకారంలోనే ఉన్నాయి. బండికి తలరాత ఉందంటే అక్కడే ఉంది.

పిస్టన్ కిందికి దిగుతున్నప్పుడు గాలి లోపలికి వస్తుంది, అది అందరికీ తెలిసిందే. పిస్టన్ అడుగుకి చేరి మళ్ళీ పైకి బయల్దేరినా ఇన్‌లెట్ వాల్వు వెంటనే మూసుకోదు. వేగంగా నడిచే ఇంజన్‌లో లోపలికి దూసుకొచ్చే గాలికి ఊపుంటుంది, పిస్టన్ ఎదురొస్తున్నా ఇంకాస్త జొరబడుతుంది. స్పోర్ట్స్ క్యామ్ చేసే పని ఇదే: వాల్వుని ఎక్కువసేపు, ఎక్కువ లోతుకి తెరిచి ఉంచడం. పై వేగాల్లో దాంతో నిజంగానే బలం పెరుగుతుంది. మరి నెమ్మదిగా వెళ్తున్నప్పుడో? గాలికి ఊపుండదు. ఆలస్యంగా మూసుకునే వాల్వులోంచి లోపలికొచ్చిన గాలిలో కొంత తిరిగి కార్బురేటర్ వైపే పోతుంది. ఆ మేరకు కంప్రెషన్ పడిపోతుంది. పొగ వాల్వు, గాలి వాల్వు రెండూ ఒకేసారి తెరుచుకుని ఉండే క్షణం కూడా పెరుగుతుంది కాబట్టి కొంత పొగ కొత్త గాలిలో కలుస్తుంది. ఫలితం: కిక్ కొడితే ఒక పట్టాన లేవదు, నిలబెట్టినప్పుడు కుదురుగా కొట్టుకోదు, టాప్ గేరులో మెల్లగా పోనివ్వదు. వీధి చివర ఉండగానే ఎవరొస్తున్నారో ఇంట్లోవాళ్ళకి చెప్పే ఆ డుగ్ డుగ్ ఉంది చూశారూ, ముందు పోయేది అదే.

బుల్లెట్‌ది 70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు, మొత్తం 346 సీసీ. కంప్రెషన్ సుమారు 6.5:1, బలం 18 హార్స్‌పవర్ దగ్గర. ఈ అంకెలు చూసి ఈనాటి పిల్లలు నవ్వుతారు. కానీ అప్పటి పెట్రోలు నాసిరకం, కంప్రెషన్ పెంచితే ఇంజన్ లోపల టకటకా కొట్టేది. పైగా మన రోడ్ల మీద ఆ బండి మొగుడూ పెళ్ళాం, ఇద్దరు పిల్లలు, ఒక బియ్యం మూటతో సహా మోసేది. దానికి కావలసిన బలమంతా కింది వేగాల్లోనే కావాలి. అందుకే క్యామ్ అంత మెతక.

1977లో తిరువొత్తియూరు బుల్లెట్లు ఇంగ్లండుకి, ఐరోపాకి ఎగుమతి కావడం మొదలైంది. అక్కడి షోకుదారులు వాటిని రేసుబళ్ళలా తయారుచేసుకోవాలని ముచ్చటపడ్డారు. అలా ఆ ఇంజన్‌కి రకరకాల వేగపు క్యామ్‌లు, పెద్ద కార్బురేటర్లు, పొడుగాటి పిస్టన్లు దొరకసాగాయి. వాటిని తప్పుపట్టడం లేదు. కానీ వాళ్ళు క్యామ్ ఒక్కటే మార్చి ఊరుకోరు. కంప్రెషన్ పడుతుంది కాబట్టి పిస్టన్, గాలి చాలదు కాబట్టి కార్బురేటర్, వాల్వులు వెనక్కి రావడానికి గట్టి స్ప్రింగులు, ఇలా ఒకదాని వెనక ఒకటి మార్చుకుంటూ పోతారు. అప్పుడు భారమంతా బిగ్ ఎండ్ మీద పడుతుంది. పాత బుల్లెట్‌లో అక్కడ రోలర్లు లేవు, ఫ్లోటింగ్ బుష్షే. ఎక్కువ చుట్లు తిప్పితే ముందు ఏడ్చేది అది. కొన్ని జతల్లో వాల్వు పిస్టన్ తలకి తగలనూ వచ్చు. పిస్టన్ మీద మెత్తటి బంకమట్టి అద్ది, హెడ్ బిగించి, ఇంజన్ చేత్తో తిప్పి, ఆ ముద్ర ఎంత మందం మిగిలిందో చూడకుండా ఏ కొత్త క్యామ్‌తోనూ స్టార్ట్ చెయ్యకూడదు. (మైసూరులో పాత జావా, యెజ్డీ నడిపే మన బంధువులకి ఈ తలనొప్పి లేదు. అవి టూ స్ట్రోకు బళ్ళు, వాటికి క్యామే ఉండదు!)

ఇదంతా పిల్లల ముందు పెట్టి మాట్లాడుకున్నాక పాత కొలత క్యామ్‌లే వెయ్యాలని తీర్మానించాం. రేసుకి వేరే ఇంజన్ కట్టుకునేవాళ్ళ లెక్క వేరు. ఇంట్లో అందరూ నడపాల్సిన, ముసలివాళ్ళు కూడా కిక్ కొట్టాల్సిన బండికి వేగపు క్యామ్ దండగ అన్నది మా అభిప్రాయం.

అయితే పాత రకం అనుకున్నంత మాత్రాన పని అయిపోదు. ఒకే అచ్చులా కనిపించే క్యామ్‌లు అంగట్లో నాలుగు రకాలుంటాయి. మేం చూసుకున్నవి ఇవీ: దిమ్మ పక్కన ఆకురాయి మెల్లగా రుద్దితే జారిపోవాలి, పట్టిందంటే ఉక్కుకి గట్టిదనం ఎక్కలేదన్నమాట. దిమ్మను నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి కొలిచి తీసేస్తే ఎత్తు తెలుస్తుంది, జత తెచ్చేముందు దాన్ని మాన్యువల్‌తో సరిచూసుకోవాలి. స్పిండిల్ మీద ఊగకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, టాపెట్లు కూడా కొత్తవే వెయ్యాలి. గుంటపడ్డ పాత టాపెట్ కొత్త క్యామ్‌ని కొన్నాళ్ళలోనే తినేస్తుంది. డబ్బు మిగులుతుందని చాలామంది అక్కడే కక్కుర్తి పడతారు.

పళ్ళ చక్రాల మీద చుక్కలు ఎదురెదురుగా కలిపి బిగించాం. దిమ్మలకి, టాపెట్లకి చిక్కటి నూనె పూశాం. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు పుష్‌రాడ్ రెండు వేళ్ళతో తిప్పితే తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు, అంతవరకు టాపెట్ సరిచేశాం. మూడో కిక్‌కి లేచింది. ఇంకాస్త పరుగు కావాలని గొడవ చేస్తున్న పిల్లలకి ముందర స్ప్రాకెట్ ఒక పన్ను పెంచి ఇచ్చాం. దానికి ఇంజన్ విప్పక్కర్లేదు, నచ్చకపోతే సాయంత్రానికి మళ్ళీ పాతది వేసుకోవచ్చు.