మొలకలు లేని అడవి

కాలిఫోర్నియాలో సియెర్రా నెవాడా పర్వతాలకు పడమటి వైపున, పాదకొండల నడుమ అమడార్ కౌంటీలో ఒక విశాలమైన రాతిబండ ఉంది. దాని మీద 1,185 గుంటలున్నాయి. మీవోక్ తెగ స్త్రీలు తరతరాలుగా ఆ బండ మీద కూర్చుని ఓక్ గింజలు దంచగా దంచగా ఏర్పడిన రోళ్ళవి. రోళ్ళు మిగిలాయి, చుట్టూ ఓక్ చెట్లూ మిగిలాయి. ఈ రెంటినీ కలిపిన జీవితం చెదిరిపోయింది. పాదకొండల ఓక్ అడవి చరిత్ర ఆ చెదిరిపోవడంతో ముడిపడి ఉంది.

ఇక్కడిది మధ్యధరా ప్రాంతపు వాతావరణం. వానలన్నీ చలికాలంలోనే కురుస్తాయి. వేసవిలో చినుకు పడడం అరుదు. నీళ్ళున్నప్పుడు వెచ్చదనం ఉండదు, వెచ్చదనం వచ్చేసరికి నీళ్ళుండవు. ఆ ఇరుకులో బతకడం నేర్చిన చెట్టు నీలి ఓక్. ఆకుల్లోని నీలిఛాయ వల్ల దానికాపేరు. దాని శాస్త్రీయ నామంలో 1830లలో కాలిఫోర్నియాలో మొక్కలు సేకరించిన స్కాట్లండ్ వృక్షశాస్త్రజ్ఞుడు డేవిడ్ డగ్లస్ పేరుంది. ఎండ దెబ్బ తగిలే దక్షిణపు వాలుల్లో ఈ చెట్లు గడ్డి మధ్య ఎడంగా నిలుస్తాయి. చల్లని ఉత్తరపు వాలుల్లో ఆకురాల్చని ఓక్‌లతో కలిసి గుబురుగా పెరుగుతాయి. కరువు ముదిరితే వేసవిలోనే ఆకు రాల్చి ఊరుకుంటాయి. మూడు నాలుగు వందల ఏళ్ళు బతికిన చెట్లున్నాయి. ఏటేటా పెరుగుదల వానను బట్టే ఉండడం వల్ల, వాటి కాండపు వలయాల్లో శాస్త్రజ్ఞులు పాత కరువులను చదవగలుగుతున్నారు.

బయటి నుంచి వచ్చినవారికి ఈ కొండలు ప్రకృతి తానై అమర్చుకున్న ఉద్యానంలా కనిపించాయి. ఆ అమరికలో మనుషుల చేయి ఎంత ఉందో కాట్ ఆండర్సన్ 2005లో వెలువరించిన ‘టెండింగ్ ద వైల్డ్’ గ్రంథం సవివరంగా చూపింది. అక్కడి తెగలవారు చెట్ల కింద ఎండుటాకులకూ గడ్డికీ అదను చూసి చిన్నపాటి నిప్పు పెట్టేవారు. రాలిన గింజల్లోని పురుగు చచ్చేది, పొదలు పలచబడేవి, బుట్టలల్లడానికి తిన్నని కొత్త రెమ్మలు వచ్చేవి. ఓక్ గింజ వగరు. దంచిన పిండి మీద నీళ్ళు మళ్ళీ మళ్ళీ పోసి ఆ వగరును పోగొట్టి, జావ కాచుకునేవారు. గోదావరి మన్యంలో కొండరెడ్లు మామిడి టెంకలోని జీడిని నీళ్ళలో నానబెట్టి వగరు వదిలించి అంబలి కాచుకోవడం ఎరిగిన తెలుగు పాఠకుడికి ఆ విద్య కొత్తగా తోచదు.

1769లో స్పానిష్ మిషన్లు వచ్చాయి. 1793లో గవర్నరు అర్రియాగా ఇండియన్లు పొలాలకూ పచ్చికకూ నిప్పు పెట్టడాన్ని నిషేధిస్తూ ఉత్తరువు జారీ చేశాడు. పశువులతోపాటు మధ్యధరా తీరపు కలుపుగడ్డి గింజలూ సముద్రం దాటి వచ్చాయి. మిషన్ల గోడల్లోని పచ్చి ఇటుకలను జార్జ్ హెండ్రీ పరిశీలిస్తే, వాటి మట్టిలో ఆ మొక్కల ఆనవాళ్ళు దొరికాయి. ఎవరూ రాసి ఉంచని దండయాత్రకు ఇటుకలే సాక్ష్యం పలికాయి.

1848 జనవరి 24న ఈ పాదకొండల్లోనే, కొలోమా దగ్గర, బంగారం బయటపడింది. ఆనాటికి కాలిఫోర్నియాలో లక్షన్నర వరకు ఉన్నారని అంచనా వేసిన మూలవాసులు 1870 నాటికి సుమారు 30,000కు తగ్గిపోయారు. రోగాలూ ఆకలీ హత్యలూ వారిని తుడిచిపెట్టాయి. 1850లో కొత్త రాష్ట్రం ఇండియన్ల ‘రక్షణ’ పేరిట చేసిన చట్టం వారిని వెట్టికి కట్టిపడేయడానికి దారి తెరిచింది. పచ్చికకు నిప్పు పెట్టడాన్ని నేరం చేసిందీ ఆ చట్టమే.

20వ శతాబ్దంలో చెట్టు మీదికే నేరం వచ్చింది. ఓక్ నీడ గడ్డిని ఎదగనివ్వదని, చెట్లు పోతే పశువులకు మేత పెరుగుతుందని నిపుణులు చెప్పారు. 1940ల నుంచి 1970ల దాకా కాండానికి గొడ్డలి గాట్లు పెట్టి, అందులో కలుపుమందు పోసి చెట్లను చంపారు. మేత పెరిగిన మాట నిజం, కానీ అది కొన్నేళ్ళ ముచ్చటే. రాలిన ఆకులతో చెట్టు ఏళ్ళ తరబడి కూడబెట్టిన సారం ఖర్చయ్యాక పెరిగిన మేతా తగ్గిపోయింది. నిటారు వాలుల్లో నష్టం ఇంకా ఆలస్యంగా బయటపడింది. చచ్చిన చెట్టు వేళ్ళు కొన్నేళ్ళపాటు మట్టిని పట్టుకునే ఉంటాయి. అవి కుళ్ళిపోయాక వచ్చిన పెద్ద వానకు వాలు జారుతుంది. రోగ నిర్ధారణ తప్పని తెలిసేసరికి చికిత్స ముగిసిపోయింది.

అప్పుడు మరో లోపం కంటబడింది. చాలాచోట్ల పెద్ద చెట్లున్నాయి, పిల్ల చెట్లు లేవు. దీనికి ఒకే కారణం చెప్పడం కుదరదు. పరాయి గడ్డి తొలి వానకే మొలిచి, వసంతం ముగిసేలోగా నేలలోని తడిని తాగేస్తుంది. బతికిన మొలకను పశువులూ జింకలూ ఎలుకలూ కొరుకుతాయి. పాదకొండల్లో లెక్కగట్టిన కొన్ని తోపుల్లో అధిక భాగం చెట్లు 19వ శతాబ్దపు రెండో సగంలో లేచినవి, వాటిలో చాలామటుకు నరికిన, కాలిన మోళ్ళ నుంచి చిగిర్చినవి. అంటే నరుకుడుకూ నిప్పుకూ తట్టుకున్న జాతి, తర్వాతి శతాబ్దంలో తన సంతానాన్ని నిలుపుకోలేకపోయింది. చెట్ల ఆయుష్షు దీర్ఘం కనుక ఈ కొరత పైకి కనబడదు. దూరం నుంచి చూస్తే కొండ పచ్చగానే ఉంటుంది.

ఇప్పుడు కొన్ని చోట్ల గింజలు నాటి, మొలక చుట్టూ గొట్టం తొడిగి, గడ్డి పీకి కాపాడుతున్నారు. సంప్రదాయ పద్ధతిలో జాగ్రత్తగా నిప్పు పెట్టేవారి మీద మంటలార్పే ఖర్చుల భారం పడకుండా 2021లో కాలిఫోర్నియా చట్టం చేసింది. 1793లో, ఆ మొదటి నిషేధం వెలువడిన ఏడు మొలిచిన నీలి ఓక్ ఏదైనా ఇంకా నిలిచి ఉంటే, చట్టం వచ్చేనాటికి దానికి 228 ఏళ్ళు. ఆ జాతికి అది మరీ ముసలితనమేమీ కాదు. దాని నీడలో ఒక మొలక నిలదొక్కుకోవడానికి ఇంకా వ్యవధి ఉంది.