తలుపున్న చీకటి: ‘డార్క్ డేస్’ డాక్యుమెంటరీలో ఇల్లు

రెండేళ్ల కిందట ఒక సదస్సులో నాకంటే ముందు పత్రం చదివిన అధ్యాపకులు, మార్క్ సింగర్ తీసిన ‘డార్క్ డేస్’ (2000) గురించి చెబుతూ అందులోని మనుషులను ‘కలుగుల్లో బతికే నిరాశ్రయులు’ అన్నారు. సభలో ఎవరూ ఉలిక్కిపడలేదు. చర్చ సమయంలో నేను లేచి నిలబడేసరికి టీ విరామం ప్రకటించారు. ఆ రోజు నోట్లో ఆగిపోయిన మాటే ఈ వ్యాసం.

ఆ మాటలో రెండు తప్పులున్నాయి. కలుగు ఎలుక తనకోసం తవ్వుకునేది. ఈ సొరంగాన్ని అందులో ఉన్నవాళ్లెవరూ తవ్వలేదు, ఆ మాటకొస్తే ఎవరూ తవ్వలేదు. మన్‌హాటన్ పడమటి అంచున, హడ్సన్ నది పక్కన నేల మీదే పోయే సరుకు రైలు పట్టాలకు 1930లలో నగర పార్కుల అధికారి రాబర్ట్ మోజెస్ పై కప్పు వేయించి, ఆ కప్పు మీద రివర్‌సైడ్ పార్కును పరిపించాడు. 72వ వీధి దగ్గర మొదలై ఉత్తరంగా సుమారు రెండున్నర మైళ్లు సాగే ఆ దారి నిజానికి మూత పెట్టిన రైలు మార్గం. రెండో తప్పు ‘నిరాశ్రయులు’ అనడం. దాని సంగతి తరువాత.

1980ల మొదట్లో సరుకు రైళ్లు ఆగిపోయాయి. పట్టాల పక్కన ఖాళీ దొరికింది, మనుషులు దిగారు. ‘ఫ్రీడమ్’ అని సంతకం చేసే క్రిస్ పేప్ అనే గోడ చిత్రకారుడు లోపలి గోడల మీద బొమ్మలు వేశాడు. స్పెయిన్ చిత్రకారుడు గోయా కాల్పుల చిత్రాన్ని కూడా అక్కడ మళ్లీ గీశాడు. ఆ సంతకం వల్లే ఫ్రీడమ్ టన్నెల్ అన్న పేరు నిలిచింది. 1991 ఏప్రిల్‌లో ఆమ్‌ట్రాక్ సంస్థ అదే దారిలో ప్రయాణికుల రైళ్లు మొదలుపెట్టింది. సింగర్ అందులోకి దిగింది ఆ తరువాతే. కాబట్టి మనం తెర మీద చూసేది పాడుబడిన సొరంగాన్ని కాదు. గుడిసెల ముందు నుంచి రైళ్లు దూసుకుపోయే ఒక వాడను చూస్తున్నాం.

ఈ వాడ మీద పని చేసినవాళ్లు చాలామందే ఉన్నారు. మార్గరెట్ మోర్టన్ ఫోటోల పుస్తకం 1995లో వచ్చింది. డచ్చి పాత్రికేయుడు తేన్ వూటెన్ అక్కడే కొన్ని నెలలు ఉండి రాసిన పుస్తకం 1996లో డచ్చిలో, 2010లో ఇంగ్లీషులో వెలువడింది. వాళ్లిద్దరితో నాకు పేచీ లేదు. పేచీ అంతా జెన్నిఫర్ టోత్‌తో. 1993లో ఆమె రాసిన ‘ది మోల్ పీపుల్’ పేరులోనే మనుషులను నేల తవ్వే జంతువుతో ముడిపెట్టేసింది. మన సదస్సుల్లో వినిపించే ‘కలుగు’ ఆ పేరు పెట్టిన పిల్లే.

టోత్ పుస్తకం అచ్చయిన మూడేళ్లకు, న్యూయార్క్ సబ్‌వే చరిత్ర క్షుణ్ణంగా తెలిసిన జోసెఫ్ బ్రెనన్, ఆమె వర్ణించిన పలు చోట్లు ఆమె చెప్పినట్టుగా ఉండే వీలు లేదని రాశాడు. ఆ విమర్శ బలమైనదే, కానీ పక్కదారి పట్టింది. పటం సరిచేస్తే పుస్తకం సరిపోతుందన్న భ్రమ కలిగించింది. నా అభ్యంతరం ఆమె పటం మీద కాదు, ఆమె దిశ మీద. టోత్ కథనం ఎప్పుడూ కిందికి దిగుతుంది. ఒక పొర, దాని కింద ఇంకో పొర, ఆ కిందెక్కడో తనను తాను ‘డార్క్ ఏంజెల్’ అని చెప్పుకునే మనిషి. ఎంత లోతుకు దిగితే మనిషి అంత మృగానికి దగ్గర అన్న లెక్క ఆ మెట్లలోనే ఉంది. మన పురాణాల్లో అతల వితల సుతలాలు దాటి పాతాళం చేరితే నాగలోకపు మణుల వెలుగైనా ఉంటుంది, టోత్ పాతాళంలో అదీ లేదు.

‘డార్క్ డేస్’ కిందికి దిగేది ఒక్కసారి. ఆపైన కెమెరా అంతా అడ్డంగా, పట్టాల వెంట, ఒక ఇంటి నుంచి పక్కింటికి నడుస్తుంది. వీధిలో నడిచినట్టే. టోత్‌ది బావి, సింగర్‌ది వీధి. ఇంత చిన్న తేడాను ఇన్నేళ్లుగా ఎవరూ పట్టించుకోకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంటుంది.

ఈ అడ్డపు నడక ఎలా సాధ్యమైందో చూడాలి, ఎందుకంటే నా వాదనకు ప్రాణం అక్కడే ఉంది. సింగర్ అంతకుముందు సినిమా తీసినవాడు కాడు, కెమెరా పట్టినవాడూ కాడు. బ్రిటన్ నుంచి వచ్చిన కుర్రాడు, సొరంగంలో స్నేహాలు చేసి అక్కడే కొంతకాలం ఉన్నాడు. సినిమా తీస్తే డబ్బు వస్తుందని, ఆ డబ్బుతో అందరూ బయటపడొచ్చని ఆశ. ఆ ఆలోచన మొదట అన్నది కూడా లోపలివాళ్లేనని అతను చెప్పుకున్నాడు. 16 ఎం.ఎం. నలుపు తెలుపు ఫిలిమ్. యూనిట్ ఎవరంటే తెర మీద కనిపించేవాళ్లే. లైట్‌మెన్ వాళ్లే, సౌండు వాళ్లే. మన సినిమావాళ్లు ట్రాలీ అనే కెమెరా బండిని దొరికిన సామాన్లతో వాళ్లే తయారుచేశారు. నగరపు తీగల నుంచి లాక్కున్న కరెంటుతోనే ఇంట్లో హీటరు వెలిగింది, షూటింగులో లైటూ వెలిగింది. సండాన్స్ ఉత్సవంలో 2000లో ఈ చిత్రానికి ప్రేక్షకుల బహుమతితో పాటు ఛాయాగ్రహణానికీ బహుమతి వచ్చింది. ఆ రెండో బహుమతిలో ఆ లైట్‌మెన్‌కు దక్కాల్సిన వాటా గురించి ఎవరైనా ఒక పుట రాస్తారని చూశాను. అందరూ డీజే షాడో సంగీతం గురించే రాశారు.

ఇక తలుపుల సంగతి. చిత్రంలోని గుడిసెలు ప్లైవుడ్ ముక్కలతో, పారేసిన చెక్కలతో కట్టినవి. నాలుగు గోడలు, పై కప్పు. కప్పు అక్కడ అవసరం లేదని గమనించాలి, పైన పార్కు మోసే కాంక్రీటు ఉండగా వాన నేరుగా మీద పడదు. అయినా కప్పు వేశారు. పై కప్పు ఉన్నచోట ఇంకో కప్పు ఎందుకు వేస్తారు? ఎలుకల కోసం అనొచ్చు, చలి కోసం అనొచ్చు. నేను వేరే మాట అంటాను: లోపల, బయట అనే తేడా పుట్టించడానికి. ఆ తేడాకు గుర్తు తలుపు. ఒకరు ఇంకొకరి ఇంటికి వచ్చినప్పుడు ఆ గడప దగ్గర మర్యాద మారుతుంది. ఇల్లు కాలిపోయిన ఒకామెకు ఇరుగింటి మనిషి తన ఇంట్లో చోటిస్తే, ఆ చోటు మీద వాళ్లిద్దరి మధ్య నడిచే గిల్లికజ్జాలు మన ఉమ్మడి కాపురాల్లో వంటింటి మీద నడిచేవే. ఎవరు ఊడ్చారు, ఎవరు కడగలేదు. కలుగులో ఈ తగాదా ఉండదు.

కారే పైపు కింద స్నానం చేసే సన్నివేశం చూడండి. చల్లటి నీళ్లు, ఒంటికి సబ్బు, పక్కనే చీకటి. టోత్ చేతిలో అదే పైపు నరకపు గుర్తయ్యేది. సింగర్ దాన్ని స్నానాల గది లాగా చూపిస్తాడు. మనిషి ఒళ్లు తోముకుంటూ మాట్లాడతాడు, నీళ్లు చల్లగా ఉన్నాయని గోల పెడతాడు, అంతే. నేను ఈ ఒక్క సన్నివేశాన్ని పదిసార్లకు పైగా చూశాను, విద్యార్థులకు చూపించాను. ప్రతిసారీ తరగతిలో మొదట నవ్వే వస్తుంది, జాలి తరువాత వస్తుంది. వరస ముఖ్యం.

క్రాక్ మత్తు ఆ ఇళ్లలో చాలామందిని తినేసిందని, సన్నివేశాల వరస దర్శకుడు పేర్చినదేనని నాకు తెలుసు. నా వాదన వాటిని కాదనదు.

ఇప్పుడు ‘నిరాశ్రయులు’ అన్న మాటకు వద్దాం. న్యూయార్క్‌లో ఆశ్రయం దొరకనివాడు చట్టం ప్రకారం ఉండకూడదు. 1979లో వేసిన కాలహాన్ కేసు 1981లో ఒప్పందంతో ముగిసింది. ఇల్లు లేని మగవాడికి పడక చూపించడం నగరం బాధ్యత అయింది, తరువాత ఆడవాళ్లకూ కుటుంబాలకూ అది విస్తరించింది. అంటే ఆశ్రయం హక్కుగా ఉంది. ఆ హక్కు ఎలా ఉండేదంటే ఫోర్ట్ వాషింగ్టన్ ఆర్మరీలాగా ఉండేది: సైనికుల కవాతు హాలు, అందులో వరసగా వందల మంచాలు, గోడ లేదు, తలుపు లేదు, చెప్పులు తల కింద పెట్టుకుంటే తప్ప తెల్లారేసరికి ఉంటాయన్న నమ్మకం లేదు. చిత్రంలో మాట్లాడేవాళ్లు షెల్టర్ల పేరెత్తితే ముఖం చిట్లిస్తారు. వాళ్లు ఆశ్రయం వదిలి ఇల్లు ఎంచుకున్నారు. నిరాశ్రయులు కాదు, ఆశ్రయాన్ని నిరాకరించినవాళ్లు. ఉపసర్గ ఒకటే, అర్థం తలకిందులు.

తెలుగులో ఈ గందరగోళం మరీ ఎక్కువ. ఇల్లు లేనివాణ్ణి ‘నిలువ నీడ లేనివాడు’ అంటాం. ఎండ దేశపు మాట అది, మనకు నీడ అంటేనే దయ. ఆ సొరంగంలో ఉన్నదంతా నీడే. రివర్‌సైడ్ పార్కుకు ఒకసారి వెళ్లినప్పుడు, నడక దారి పక్కన ఇనుప ఊచల మూత దగ్గర నిలబడి కిందికి చూశాను. పగటి వెలుతురు ఆ ఊచల గుండా పలకలు పలకలుగా కింద పట్టాల మీద పడుతోంది. కాసేపటికి ఆమ్‌ట్రాక్ రైలు పోయింది, కాళ్ల కింద ఇనుము అదిరింది. పక్కన ఒకామె కుక్కను పట్టుకుని నిలబడింది. కుక్క చెవులు రిక్కించింది, ఆమె ఫోను చూసుకుంటోంది. నీడ లేమి దారిద్ర్యమన్న మన మాట అక్కడ నా నోట్లోంచి రాలేదు.

మన జనగణన భాష ఇంకా వింతైనది. 2011 లెక్కల్లో ఇల్లు లేనివాళ్లంటే కప్పున్న ‘సెన్సస్ ఇంట్లో’ ఉండనివాళ్లు. రోడ్డు పక్కన, ఫుట్‌పాత్‌ల మీద, హ్యూమ్ పైపుల్లో, ఫ్లైఓవర్ల కింద, మెట్ల కింద, ప్లాట్‌ఫారాల మీద ఉండేవాళ్లు. దేశం మొత్తం మీద 17.7 లక్షల మంది. ఈ నిర్వచనం పట్టుకుని మన గణకుడు ఫ్రీడమ్ టన్నెల్‌లోకి దిగితే ఏం రాసుకోవాలి? ఫ్లైఓవర్ కింద లాంటి చోటు కాబట్టి ఇల్లు లేదు, ప్లైవుడ్ కప్పు ఉంది కాబట్టి ఇల్లుంది. రెండు గళ్లలోనూ టిక్కు పడుతుంది. కప్పుతో ఇంటిని కొలిచే ప్రతి ప్రభుత్వమూ, ప్రతి పరిశోధనా ఇప్పటిదాకా తప్పు వస్తువును లెక్కపెట్టింది. లెక్కపెట్టాల్సింది తలుపులను. లోపలి నుంచి గడియ పెట్టుకోగలవాడికి ఇల్లుంది, పెట్టుకోలేనివాడికి లేదు, ఆ గది రాజభవనంలో ఉన్నా సరే.

మిచెల్ డునియర్ పుస్తకం ‘సైడ్‌వాక్’ (1999) నాకు ఇక్కడ సాక్ష్యానికి వస్తుంది. సిక్స్త్ అవెన్యూ మీద పుస్తకాలు, పత్రికలు అమ్ముకునేవాళ్లలో చాలామంది అంతకుముందు పెన్ స్టేషన్‌లో ఉండేవారని, అక్కడి నుంచి వాళ్లను తరిమింది ఆమ్‌ట్రాకేనని అతను చూపించాడు. స్టేషన్‌లో తలుపు లేదు కాబట్టి తరిమితే సంచి భుజాన వేసుకుని వీధి ఎక్కారు. సొరంగంలో తలుపులున్నాయి కాబట్టి అదే ఆమ్‌ట్రాక్ ఖాళీ చేయమని నోటీసు ఇవ్వాల్సి వచ్చింది, కోయలిషన్ ఫర్ ద హోమ్‌లెస్ అనే సంస్థ మధ్యవర్తిగా దిగాల్సి వచ్చింది, కేంద్ర ప్రభుత్వపు సెక్షన్ 8 అద్దె సాయం ఇప్పించాల్సి వచ్చింది. తలుపున్నవాడితో రాజ్యం మాట్లాడుతుంది.

చిత్రం చివర్లో వాళ్లు తమ ఇళ్లను తామే కూలగొడతారు. సమ్మెటలు పట్టుకుని, నవ్వుతూ, ఒకరినొకరు ఎగదోసుకుంటూ. టోత్ పాఠకులకు ఇది విముక్తిలా కనిపిస్తుంది. నాకు మేస్త్రీ పనిలా కనిపించింది. ఏ మేకు ఎక్కడుందో కొట్టినవాడికి తెలుసు, ఆ దెబ్బ ఎక్కడ వేయాలో తెలిసే వేస్తున్నాడు. ఇల్లు కట్టి చూడమన్న సామెత మనకుంది కానీ కట్టిన ఇంటిని సొంత చేత్తో కూల్చి చూడమన్నవాళ్లు లేరు. ఆ తరువాత అపార్ట్‌మెంట్లు, తెల్ల గోడలు, నిజమైన కిటికీలు. ఇక్కడ ఏ దర్శకుడైనా రంగుల్లోకి మారేవాడు, మారితే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. సింగర్ మారలేదు. కిటికీలోంచి వచ్చే ఎండ కూడా అదే నలుపు తెలుపు ఫిలిమ్ మీద, సొరంగంలో ఊచల గుండా పడిన వెలుతురు రంగులోనే ఉంది.